కొత్తింట్లో ఊసరవెల్లి

ప్రతి సంచికలోనూ ఈ పేజీలో నామినేషన్లు, వీలునామాలు, లాకరు తాళాలు అంటూ మీ సహనాన్ని పరీక్షిస్తుంటాను. ఈసారి వాటికి సెలవు. ఊసరవెల్లి గురించి రాస్తున్నాను. ఎన్నికల కబుర్లేమో అని పేజీ తిప్పేయకండి. నాలుగు కాళ్ళూ, చుట్ట చుట్టుకునే తోకా ఉన్న అసలు ఊసరవెల్లి గురించే. పెంచుకోవడానికి ఇంటికి తెచ్చిన ఊసరవెల్లి కొత్తచోట ఎలా కుదురుకుంటుందో, ఏం తింటుందో, దాని జబ్బు ఎలా బయటపడుతుందో దగ్గరుండి చూసే అవకాశం 2024 వేసవిలో నాకు కలిగింది. విదేశాల్లో పిల్లలూ, మనవలూ ఉన్న కుటుంబాలు మన సంఘంలో చాలానే ఉన్నాయి. అక్కడి పిల్లలు ఇలాంటి ప్రాణుల్ని ముచ్చటపడి తెచ్చుకుంటున్నారు. కాబట్టి ఈ నాలుగు మాటలు ఎవరో ఒకరికి పనికొస్తాయని ఆశ.

మనం ఏ రాష్ట్రంలో స్థిరపడ్డా ఈ ప్రాణికి మాత్రం మంచిపేరు లేదు. తమిళులు పచ్చోంది అన్నా, కన్నడిగులు గోసుంబె అన్నా, మరాఠీవాళ్ళు సరడా అన్నా, మాట మీద నిలబడని మనిషిని తిట్టడానికే ఎక్కువగా వాడతారు. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని మన సామెత. తొండ ఎంత ముదిరినా తొండే సుమండీ! రెండూ వేరువేరు కుటుంబాలు. ఇక రంగు సంగతి. పక్కనున్న వస్తువును బట్టి రంగు మార్చి మోసం చేస్తుందని చిన్నప్పుడు విన్నాం. అది రంగు మార్చేది ముఖ్యంగా ఒంటి వేడిని సరిచూసుకోవడానికీ, తోటి ఊసరవెల్లికి తన ఉద్దేశం తెలపడానికీ. దాని చర్మంలోని కొన్ని కణాల్లో గ్వానిన్ అనే పదార్థపు అతిసన్నని స్ఫటికాలు ఉంటాయనీ, వాటి మధ్య ఎడం మారినప్పుడు రంగు మారుతుందనీ 2015లో జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వెల్లడించారు. చలి వేస్తే ఎండను బాగా పీల్చుకోవడానికి నల్లబడుతుంది. బెదిరినా, బాధ కలిగినా ముదురు రంగుకు తిరుగుతుంది. నిద్రలో పాలిపోయినట్లు ఉంటుంది. అబద్ధాలకోరని మనం పేరుపెట్టిన ఈ ప్రాణి తన బాగోగుల్ని ఒంటిమీదే రాసుకుని తిరుగుతుందన్నమాట. ఆ రాత చదవడం మనకు రావాలి, అంతే.

పచ్చయ్య రాక

మా అక్కయ్య కొడుకు కుటుంబం అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ దగ్గర ఉంటోంది. సెలవు పెట్టి నేనూ, మా ఆవిడా నెలన్నర రోజులు వాళ్ళింట్లో గడిపాం. మేం వెళ్ళిన వారానికి మా మేనల్లుడి కొడుక్కి పదకొండేళ్ళు నిండాయి. కుక్కను వద్దన్నారు, పిల్లిని వద్దన్నారు. ఊసరవెల్లి అయితే మొరగదు, సోఫా గీకదు కదా అని వాడి తల్లి ఒప్పుకుంది. అలా మూడునెలల ఊసరవెల్లి పిల్ల ఒకటి ఇంటికొచ్చింది.

దీని సొంతవూరు యెమెన్, దాన్ని ఆనుకుని ఉన్న సౌదీ అరేబియా నైరుతి ప్రాంతం. తలమీద తురాయిలా ఎత్తుగా లేచిన ఎముక ఉంటుంది. ముసుగు వేసుకున్నట్లు కనిపిస్తుంది కాబట్టి ఇంగ్లీషులో వెయిల్డ్ కెమీలియన్ అంటారు. అక్కడి పెంపకందార్లు వీటిని ఫారాల్లో పుట్టించి అమ్ముతారు. దుకాణంవాళ్ళు మగపిల్ల అని చెప్పారు. పచ్చగా ఉంది కదా అని అక్కయ్య పచ్చయ్య అని నామకరణం చేసింది. దానితోపాటు ఒక గాజుతొట్టి, ఒక బల్బు, నీళ్ళగిన్నె, డబ్బానిండా కీచురాళ్ళు ఇచ్చారు. ఆ తొట్టిని అందరూ చూసేలా హాల్లో టీవీ పక్కన బల్లమీద పెట్టారు.

ఐదు రోజులు పచ్చయ్య ఏమీ ముట్టలేదు. పచ్చరంగు పోయి మట్టిరంగుకు దిగింది. కొమ్మను కరచుకుని ఒక మూల ఉండిపోయింది. గంటకోసారి మనవడు దాన్ని తీసి భుజంమీద పెట్టుకోవడం, చుట్టుపక్కల పిల్లలు వరసకట్టి చూడడం. అక్కయ్యకైతే ఒకటే బెంగ. "ఒరే తమ్ముడూ, ఇంట్లో ఒక ప్రాణి పస్తుంటే నాకు ముద్ద దిగడం లేదురా. కాస్త పెరుగన్నం పెట్టి చూడమను" అంది. మనవడు నా దగ్గరికొచ్చి నెమ్మదిగా, "తాతయ్యా, నేనంటే దానికి ఇష్టం లేదా?" అని అడిగాడు.

ఆరోరోజున ఇలాంటి ప్రాణుల్ని చూసే పశువైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ ముందు దాన్ని తూకం వేసింది, కళ్ళు చూసింది, నోరు చూసింది. తర్వాత ఇంట్లో దాన్ని ఎక్కడ పెట్టారు, ఎలా పెట్టారు అని అరగంటసేపు అడిగింది. కొత్తగా వచ్చిన ఊసరవెల్లి కొన్నాళ్ళు తిండి మానేయడం మామూలేననీ, అయితే నీళ్ళు తాగకపోతేనూ, బరువు తగ్గుతూ పోతేనూ ఊరుకోకూడదనీ చెప్పింది. జబ్బు వెతకడం ఒకవైపు, ఇల్లు సరిచేయడం ఒకవైపు జరగాలంది. ఆవిడ చెప్పినవీ, ఆ తర్వాత మేం చేసి చూసినవీ వరసగా రాస్తాను.

చోటు

ఊసరవెల్లి చెట్టుమీద బతికే ప్రాణి. పైనుంచి వచ్చే గద్దలకీ, కాకులకీ భయపడుతుంది. పైనుంచి వంగి చూసే మొహం ఎంత ప్రేమగలదైనా దాని లెక్కలో గద్దే. అందుకని పంజరం ఎత్తుగా, అది కూర్చునే కొమ్మ మన కళ్ళకంటే పైన ఉండేలా పెట్టాలి. గాజుతొట్టిలో తన నీడే తనకు కనబడి, మరో ఊసరవెల్లి ఎదురొచ్చిందని కంగారుపడుతుంది. గాలాడే జాలీ పంజరం మేలు. ఎదిగినదానికి రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు ఉండాలి. మూడువైపులా గుడ్డో, అట్టో కట్టి, లోపల దాక్కునేంత ఆకు ఉన్న మొక్కలు పెట్టాలి. మన మనీప్లాంటు, మందారం పనికొస్తాయి. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. టీవీ పక్కన అసలే వద్దు. ఒక పంజరంలో ఒక్కటే ఉండాలి. తోడు లేదని జాలిపడి రెండోదాన్ని తెస్తే రెండూ చిక్కిపోతాయి.

కుదురుకునేదాకా చేత్తో ముట్టకూడదు. కుదురుకున్నాక కూడా అవసరమైతేనే. మన ఇళ్ళల్లో కొత్తకోడలు వచ్చిన మర్నాడు వీధివీధంతా చూడడానికి వస్తే ఆ పిల్ల అన్నం సరిగా తింటుందా? ఇదీ అంతే. కోడలు నాలుగు రోజులకి మనవాళ్ళలో కలిసిపోతుంది. ఊసరవెల్లికి ఆ కలిసిపోవడం అవసరం లేదు. దాని మానాన దాన్ని ఉండనివ్వడమే మనం చేసే మర్యాద.

నీళ్ళు

గిన్నెలో కదలకుండా ఉన్న నీళ్ళను ఇది సాధారణంగా నీళ్ళుగా పోల్చుకోదు. ఆకుమీద మెరిసే చుక్కను నాలుకతో అందుకుంటుంది. రోజుకు రెండుమూడుసార్లు ఆకులమీద సన్నగా నీళ్ళు చిమ్మాలి, లేదా పైనుంచి చుక్కచుక్క పడే ఏర్పాటు చేయాలి. మధ్యలో ఆకులు ఆరాలి కూడా. ఎప్పుడూ తడిగా, గాలి ఆడకుండా ఉంటే ఊపిరితిత్తులకు జబ్బు వస్తుంది. నీళ్ళు చాలుతున్నాయో లేదో తెలుసుకోవడానికి రెండు గుర్తులు చెప్పారు. కళ్ళ బుడిపెలు లోపలికి గుంటపడకూడదు. మలంతో పాటు సుద్దలాంటి భాగం ఒకటి పడుతుంది. అది తెల్లగా ఉంటే మంచిది. నారింజ రంగుకు తిరిగితే నీళ్ళు తక్కువయ్యాయని అర్థం.

వెలుతురు, వేడి

ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో బి రకం సోకితేనే దీని ఒంట్లో డి విటమిను తయారవుతుంది. డి విటమిను లేకపోతే తిన్న సున్నం ఒంటబట్టదు. ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరపోతాయి. దవడ మెత్తబడుతుంది. పెంపుడు ఊసరవెల్లులకు తరచుగా వచ్చే జబ్బు ఇదే. కిటికీలోంచి ఎండ పడుతోంది కదా అంటే సరిపోదు, ఆ కిరణాల్ని కిటికీ అద్దం ఆపేస్తుంది. అందుకోసం వేరే ట్యూబులైటు ఉంటుంది. అది వెలుగుతూనే ఉన్నా లోపలి శక్తి తగ్గిపోతుంది కనుక, తయారీదారు చెప్పినట్లు ఆరునెలలకో, ఏడాదికో మార్చాలి. వేడి కాచుకునే బల్బు వేరు. దాని కింద కొమ్మ దగ్గర పిల్లలకి 27 నుంచి 29 సెల్సియస్ డిగ్రీలు చాలు. పంజరంలో మిగిలిన చోటు చల్లగా ఉండాలి. వేడెక్కినప్పుడు అది పక్కకి తప్పుకోగలగాలి. రాత్రి పన్నెండు గంటలూ పూర్తి చీకటి కావాలి.

తిండి

కీచురాళ్ళు, పట్టుపురుగులు, పెంచిన బొద్దింకలు దీని ఆహారం. పురుగు నిడివి ఊసరవెల్లి రెండు కళ్ళ మధ్య వెడల్పును మించకూడదు. పురుగును పెట్టేముందు ఒకరోజు ఆ పురుగుకు మంచి ఆకుకూరలు, క్యారెట్టు పెట్టాలి. పురుగు తిన్నదే ఊసరవెల్లికి చేరుతుంది. పెట్టేముందు పురుగుమీద సున్నపు పొడి, అంటే కాల్షియం, పలచగా అద్దాలి. డి విటమిను కలిసిన పొడి, ఇతర విటమిన్ల పొడి నెలకు ఒకటిరెండుసార్లే. అవి ఎక్కువైనా చేటే. ఎదిగే పిల్లకు రోజూ, ఎదిగినదానికి రోజు మార్చి రోజు పెట్టాలి. తినకుండా వదిలిన కీచురాళ్ళను రాత్రి పంజరంలో ఉంచకూడదు. అవి నిద్రలో ఉన్న ఊసరవెల్లినే కొరుకుతాయి. పాలు, పెరుగు, అన్నం పనికిరావు. అక్కయ్య ఈ మాటకు చిన్నబుచ్చుకుంది గాని, ఈ యెమెన్ జాతి పురుగులతో పాటు ఆకులు కూడా కొరుకుతుందని డాక్టరమ్మ చెప్పగానే తేరుకుంది. పురుగుమందు కొట్టని మందారపాకు పెట్టొచ్చన్నారు. పెరట్లోని కుండీ వెంటనే పైగదిలోకి ఎక్కింది.

పచ్చయ్య పాసుపుస్తకం

ఇంతవరకూ చెప్పింది డాక్టరమ్మ చలవ. నా వంతు సాయం ఒక్కటే, లెక్క రాయడం. ముప్ఫయ్యేళ్ళు బ్యాంకులో చేసినవాణ్ణి, మరేం వస్తుంది? ఒక నోటుబుక్కులో గళ్ళు గీసి మనవడికిచ్చాను. తేదీ, బరువు, తిన్న పురుగులు, నీళ్ళు తాగిందా, మలం, పొద్దున రంగు. ఆరు గళ్ళు. బరువు మాత్రం మూడురోజులకోసారి, అదీ కొమ్మతో సహా తీసి వంటింటి త్రాసులో పెట్టి, కొమ్మ బరువు తీసేయడం.

బాకీ ఒక్కరోజులో మొండిబాకీ అయిపోదు. అంతకు ముందు నెలల్లోనే ఖాతాలో జమలు పలచబడతాయి. చూసే కన్ను ఉంటే అప్పుడే తెలుస్తుంది. ఊసరవెల్లి కూడా జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. అడవిలో నీరసం కనబడితే ఎవరో ఒకరికి ఆహారమైపోతుంది మరి. అందుకే చిన్న అంకెలమీద కన్నుండాలి. కొన్నరోజు 22 గ్రాములు. ఆరోరోజు 20. ఆ రెండు గ్రాములే మమ్మల్ని డాక్టరు దగ్గరికి పరిగెత్తించింది. మలం పరీక్షలో కడుపుపురుగుల గుడ్లు బయటపడ్డాయి. బరువును బట్టి మందిచ్చి, మూడువారాల తర్వాత మళ్ళీ పరీక్ష చేశారు. కొత్తగా తెచ్చిన ప్రాణికి ఈ పరీక్ష తప్పక చేయించాలి.

పగటిపూట కళ్ళు మూసుకుని ఉండడం, ముక్కు పైకెత్తి నోరు తెరిచి ఊపిరి పీల్చడం, నోట్లో జిగురు, కీళ్ళ వాపు, కొమ్మ పట్టు తప్పడం, నాలుక పురుగుదాకా చేరకపోవడం, వీటిలో ఏది కనబడ్డా ఇంటి వైద్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

పంజరం పైగదిలోకి మారింది. మనవడు తనంతట తానే తలుపుమీద కాగితం అంటించాడు, దర్శనాలు లేవని. స్నేహితులు వస్తే ఫొటోలు చూపించి పంపేశాడు. రోజూ సాయంత్రం గదిలో ఆ చివర గోడకి ఆనుకుని, పంజరంవైపు చూడకుండా పుస్తకం చదువుకునేవాడు. ఎనిమిదోరోజు ఆకుమీద చుక్కల్ని నాకింది. పదోరోజున నేనూ ఆ గదిలోనే ఉన్నాను. ఒక కన్ను మావైపు, రెండో కన్ను కీచురాయివైపు తిప్పి, సర్రున నాలుక సాచింది. దాని ఒంటి పొడుగును మించిన నాలుక, రెప్పపాటులో వెళ్ళి వచ్చింది. మనవడు అరవలేదు, లేవలేదు. పుస్తకం పక్కనపెట్టి, నోటుబుక్కు తీసి, పురుగులు అనే గడిలో 1 అని రాశాడు. "తాతయ్యా, నేనిక్కడ ఉన్నా తింది" అని మాత్రం అన్నాడు. వాడడిగిన ప్రశ్నకు జవాబు వాడికే దొరికింది. నెల తిరిగేసరికి బరువు 27 గ్రాములు. పొద్దున రంగు అనే గడిలో వరసగా పచ్చ, పచ్చ, పచ్చ.

పచ్చయ్య కాస్తా పచ్చమ్మ

ఈ జాతిలో మగదానికి పుట్టుకతోనే వెనక పాదాల మడమ దగ్గర చిన్న ములుకు ఉంటుంది. మన పచ్చయ్యకు అది లేదు. డాక్టరమ్మ భూతద్దంతో చూసి ఆడపిల్ల అని తేల్చేసింది. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం గాని, ఆవిడ నవ్వలేదు. ఆడ ఊసరవెల్లి మగతోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది, కోళ్ళలాగే. ఆరునెలల వయసునుంచే దానికి సిద్ధంగా ఉండాలి. అడుగులోతు తడి ఇసుకమట్టి నింపిన తొట్టి పంజరంలో పెట్టాలి. తవ్వుకోవడానికి చోటు దొరక్కపోతే గుడ్లు కడుపులోనే ఇరుక్కుని ప్రాణం పోతుంది. తిండి ఎక్కువ పెట్టినకొద్దీ, వేడి పెంచినకొద్దీ గుడ్ల సంఖ్య పెరిగి ఒళ్ళు గుల్లవుతుంది. కాబట్టి ఎదిగిన ఆడదానికి తిండీ, వేడీ కొంచెం తగ్గించి ఇవ్వాలి. తవ్వుతున్నప్పుడు ఎవరూ తొంగిచూడకూడదు. చూస్తే గుంట వదిలేసి పైకెక్కుతుంది.

మేం తిరిగొచ్చాక, 2024 డిసెంబరులో, మనవడు ఆ నోటుబుక్కు పేజీ ఫొటో తీసి పంపాడు. మూడురోజులు పురుగుల గడిలో సున్నా. నాలుగోరోజు తవ్వడం మొదలు. పంజరానికి దుప్పటి కప్పేశారు. ఆ దుప్పటి ఎత్తి చూడకుండా రెండురోజులు ఉండడం తనకు పరీక్షలకన్నా కష్టమైందని కింద రాశాడు. తర్వాతి పంక్తిలో, గుడ్లు 26, పచ్చమ్మ నీళ్ళు తాగింది, పురుగులు 4 అని ఉంది. అక్కయ్య ఫోనులో పురుడు పోసినంత హడావిడిగా చెప్పింది.

కొనేముందు

అసలుకంటే వడ్డీ ముద్దు అంటారు. ఇక్కడ అసలుకంటే వడ్డీ బరువు. ఊసరవెల్లి ఖరీదు ఎనభై డాలర్లు. పంజరం, దీపాలు, మొక్కలు, డాక్టరు ఫీజులు కలిపి మా మేనల్లుడికి ఆరువందలు దాటింది. సరిగ్గా చూసుకుంటే అయిదేళ్ళో, అంతకన్నా ఎక్కువో బతికే ప్రాణి. విదేశంలో ఉన్న మీ పిల్లలు కొంటామంటే, మొదట పంజరం, దీపం అమర్చి, ఊసరవెల్లుల్ని చూసే డాక్టరు దగ్గర్లో ఉన్నారో లేదో కనుక్కుని, ఆ తర్వాతే ప్రాణిని తెచ్చుకోమనండి. చేత్తో నిమరాలని కోరిక ఉన్న పిల్లలకు ఇది తగదు. దూరంనుంచి చూసి మురిసే ఓపిక ఉన్నవాళ్ళకే తగుతుంది.

మన దేశంలో మాటకొస్తే, పొలంగట్లమీద, కంచెల్లో కనిపించే మన ఊసరవెల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. పట్టుకోవడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. ఈ యెమెన్ జాతి లాంటి విదేశీ ప్రాణులు అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో ఉన్నాయి. ఆ చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటివాటిని ఉంచుకున్నవాళ్ళు ప్రభుత్వం వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఎవరైనా సంచీలో పెట్టి చవకగా ఇస్తామంటే దూరంగా ఉండండి.

మన ఊసరవెల్లికి విషం లేదు. విషప్రాణి అని రాళ్ళతో కొట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. గుడ్లు పెట్టడానికి అది చెట్టు దిగి, ఊగుతూ ఊగుతూ రోడ్డు దాటుతుంది. ఎప్పుడైనా కనిపిస్తే స్కూటరు ఆపి, ఒక పుల్ల అందించి, అది వెళ్తున్న వైపే రోడ్డు దాటించండి. పక్కన పిల్లలుంటే ఒంటిరంగు ఏమిటో చూడమనండి. నల్లబడితే మనం మరీ దగ్గరికొచ్చామని అర్థం. రెండడుగులు వెనక్కి వేయండి.

లాకరు తాళాలు పోతే ఏం చేయాలో వచ్చే సంచికలో.